పవర్ చూశారు సరే, కళ్లు ఎవరు చూశారు?

ప్రశ్న: మాది సిద్దిపేట దగ్గర ఊరు. నా వయసు 44. ఇంట్లోనే కుట్టు మిషన్ పెట్టుకుని బ్లౌజులు, పిల్లల డ్రెస్సులు కుడతాను. ఏడాదిగా సూదిలో దారం ఎక్కించలేకపోతున్నాను, నల్ల గుడ్డ మీద నల్ల కుట్టు అసలే కనబడదు. టౌన్లో కళ్లద్దాల షాపులో ఫ్రీగా కంప్యూటర్ పరీక్ష చేసి ప్రోగ్రెసివ్ అద్దాలు ఇచ్చారు, ఏడు వేలయింది. పెట్టుకుంటే మెట్లు పైకి లేచినట్టు ఉంటాయి, తల తిరుగుతుంది, మిషన్ మీద పక్కలన్నీ మసక. అడిగితే "అలవాటవుతుంది మేడమ్" అంటున్నారు, నెల దాటింది. మా ఆయనకు ఆరేళ్లుగా షుగర్, చూపు బాగానే ఉందంటాడు, ఒక్కసారి కూడా కళ్లు చూపించుకోలేదు. బాబుకు తొమ్మిదేళ్లు, టీవీ ముందుకు జరిగి జరిగి చూస్తున్నాడు. అద్దాలు పెడితే సైట్ ఇంకా పెరుగుతుందని మా అత్తమ్మ వద్దంటోంది. అత్తమ్మకేమో ఈ మధ్య అద్దాలు లేకుండానే దగ్గరివి కనిపిస్తున్నాయి, కళ్లు ఎర్రబడితే మెడికల్ షాపులో చుక్కల మందు తెచ్చుకుని వేసుకుంటుంది. మళ్లీ ఆ షాపుకే వెళ్లాలా, కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లాలా? షాపులో పరీక్ష సరిపోదా?

జవాబు:

అమ్మా, రెండు చోట్లకీ వెళ్లాలి, కానీ వేర్వేరు పనుల మీద. మీ అద్దాల గొడవ షాపులోనే తేలాలి, తేల్చాల్సిన బాధ్యత వాళ్లదే, అందులో మొహమాటపడకండి. మీ ఆయన, అత్తమ్మ, బాబు మాత్రం కంటి డాక్టర్ చూడాల్సినవాళ్లు, ముగ్గురిలోనూ ఎక్కువ తొందర మీ ఆయనకి. నేను ఆప్టోమెట్రిస్టుని, అంటే కళ్లు పరీక్షించి పవర్ రాసే మనిషిని, షాపుల్లోనూ ఆస్పత్రిలోనూ ఇదే పని చేశాను కాబట్టి కౌంటర్‌కి అవతలి వైపు ఏం జరగాలో, ఏది జరగకపోతే మీకిలా తల తిరుగుతుందో కాస్త వివరంగానే చెబుతాను.

ముందు ఆ ఫ్రీ కంప్యూటర్ పరీక్ష సంగతి. గడ్డం ఒక స్టాండు మీద ఆనించమంటారు, లోపల దూరంగా రోడ్డు చివర ఒక బెలూన్ బొమ్మ కనిపిస్తుంది, అది కాసేపు మసకబారి మళ్లీ తేటగా అవుతుంది, ఇంతలో చిన్న చీటీ ప్రింటై బయటికొస్తుంది. ఆ చీటీలో అంకెలు పరీక్ష మొదలుపెట్టడానికి ఉపయోగపడతాయి, నేరుగా వాటితో అద్దాలు చేయకూడదు. చీటీ వచ్చాక అసలు పని మొదలవ్వాలి. గుండ్రటి బరువైన ఫ్రేమ్ ముక్కు మీద పెట్టి, ఒక కన్ను మూసి, ఒక్కో అద్దం మారుస్తూ "ఇది బాగుందా, ఇందాకటిది బాగుందా" అని అడగాలి, తర్వాత రెండో కన్ను, తర్వాత రెండూ కలిపి. దూరం అక్షరాలు అయ్యాక చేతికి చిన్న అక్షరాల కార్డు ఇచ్చి దగ్గరి చూపు చూడాలి. ఆ ఫ్రేమ్ పెట్టుకునే కాస్త అటూ ఇటూ నడిచి చూడమనాలి. ఇదంతా సరిగ్గా చేస్తే ఒక మనిషికి పావుగంట, ఇరవై నిమిషాలు పడుతుంది. మీకు చీటీ చూసి రెండు నిమిషాల్లో ఫ్రేములు చూపించడం మొదలుపెట్టి ఉంటే, సగం గొడవ అక్కడే ఉంది.

ఇది పూర్తిగా, శ్రద్ధగా చేసినా తేలేది పవర్ ఒక్కటే. కంటి లోపల ఒత్తిడి ఎంతుంది, వెనక బొమ్మ పడే పొర, అదే రెటీనా, ఎలా ఉంది, కంటి నుంచి మెదడుకు వెళ్లే నరం బాగుందా అనేవి అక్షరాలు చదివిస్తే బయటపడవు. నీటికాసులు, అదే గ్లకోమా, ఉన్న మనిషి కూడా చివరి గీత దాకా గడగడా చదివేయగలడు, ఎందుకంటే ఆ జబ్బు సాధారణంగా ముందు పక్కల చూపును తింటూ వస్తుంది, నొప్పి ఉండదు, పోయిన చూపు తిరిగి రాదు. అందుకే నలభై దాటినవాళ్లు, అందులోనూ అమ్మకో నాన్నకో అన్నదమ్ములకో గ్లకోమా ఉన్నవాళ్లు కంటి ఒత్తిడి, నరం చూపించుకోవాలని మేం పోరుతుంటాం. మీ అద్దాల పంచాయితీ తేలినా, మీరూ ఒకసారి ఆ పరీక్ష చేయించుకోండి, మీకు నలభై దాటాయి కదా.

మంచి షాపును పట్టుకోవడానికి నేనొక గుర్తు చెబుతాను. ఎన్ని అద్దాలు మార్చినా అక్షరాలు తేటగా రాకపోతే, పనితెలిసినవాళ్లు నడిమధ్య చిన్న బెజ్జం ఉన్న నల్ల బిళ్ల కంటికి అడ్డంపెట్టి మళ్లీ చదవమంటారు. ఆ బెజ్జంలోంచి చూస్తే చదవగలిగితే పవర్ దగ్గరే తేడా ఉందని, ఇంకాస్త వెతికితే దొరుకుతుందని అర్థం. బెజ్జంలోంచి చూసినా మెరుగుపడకపోతే తేడా చాలావరకు కంటిలోనే ఉంటుంది, అప్పుడు అద్దాలు అమ్మకుండా "డాక్టర్‌కి చూపించుకోండి" అని పంపాలి. అలా పంపే షాపు దొరికితే వదలకండి. పరీక్ష చేసే మనిషి ఆప్టోమెట్రీ చదివారా, ఎక్కడ చదివారు అని అడగడం కూడా తప్పేం కాదు. 2021లో వచ్చిన చట్టం ఆప్టోమెట్రీని ఆరోగ్య వృత్తుల్లో చేర్చింది, చదివినవాళ్లు అడిగితే సంతోషంగానే చెబుతారు.

ఇప్పుడు మీ అద్దాలు. మీకు వచ్చింది చత్వారం. కంటిలోని సహజమైన కటకం వయసుతోపాటు గట్టిపడి, దగ్గరి వస్తువు చూసేటప్పుడు మునుపటిలా ఉబ్బదు, నలభై దాటితే అందరికీ వచ్చేదే. మీ వయసుకు మామూలుగా దగ్గరికి అదనంగా ప్లస్ 1.00 నుంచి 1.50 దాకా పడుతుంది, యాభైకి 2.00 దగ్గరికి వెళుతుంది, అరవై ప్రాంతానికి 2.50 దగ్గర దాదాపు ఆగుతుంది. అద్దాలు పెట్టుకున్నందుకు అది పెరగదు, పెట్టుకోకపోయినా పెరుగుతుంది.

షాపుకు వెళ్లి మీ పవర్ రాసిన కాగితం ఇవ్వమని అడగండి, మీరు డబ్బు కట్టిన సరుకు తాలూకు కాగితం అది. అందులో ఒక్కో కంటికి స్ఫెరికల్, సిలిండర్, యాక్సిస్ అని మూడు గడులు ఉంటాయి, కింద యాడ్ అని ఒకటి. ఉదాహరణకు కుడి కంటికి ప్లస్ 0.50, సిలిండర్ మైనస్ 0.75, యాక్సిస్ 90, యాడ్ ప్లస్ 1.25 అని ఉందనుకోండి: మొదటిది దూరపు పవర్, రెండోది కంటి ముందు భాగం అన్ని వైపులా ఒకే వంపులో లేనందువల్ల వచ్చే పవర్, మూడోది ఆ రెండోదాన్ని ఏ కోణంలో కూర్చోబెట్టాలో చెప్పేది, యాడ్ దగ్గరికి కలపాల్సింది. ఇదివరకు సిలిండర్ లేని మనిషికి కొత్తగా సిలిండర్ ఇస్తే, లేదా యాక్సిస్ కాస్త పక్కకి పోతే, నేల వాలినట్టు, మెట్లు లేచినట్టు అనిపించడం మామూలే. అందుకని మొదటి పని, తయారైన అద్దాలను లెన్సోమీటర్ అనే పవర్ కొలిచే యంత్రం మీద పెట్టి ఆ కాగితంలో ఉన్న అంకెలే వచ్చాయా అని మీ ఎదురుగా చూపించమనండి. అద్దాల షాపుల్లో మామూలుగా ఆ యంత్రం ఉంటుంది, రెండు నిమిషాల పని. కుడి అద్దం ఎడమకు పడటం, యాక్సిస్ తారుమారు కావడం నేను చూడని విషయాలేం కావు.

అంకెలు సరిగ్గానే ఉంటే తర్వాత చూడాల్సింది అద్దం మీ ముఖానికి ఎలా కూర్చుందని. ప్రోగ్రెసివ్‌లో పైభాగం దూరానికి, అక్కడినుంచి కిందికి సన్నటి దారిలాగా పవర్ కొంచెం కొంచెం పెరుగుతూ వెళ్లి అడుగున చదవడానికి, ఆ దారికి రెండు పక్కలా మసక తప్పదు, ఎంత ఖరీదు పెట్టినా ఆ మసక తగ్గుతుందే కానీ పోదు. ఆ దారి సరిగ్గా మీ కంటిపాప ఎదురుగా పడాలి. గుర్తు చేసుకోండి, ఫ్రేమ్ ఎంచుకున్నాక దాన్ని మీ ముఖానికి పెట్టి, ముక్కు దగ్గర సరిచేసి, మీకు ఎదురుగా అదే ఎత్తులో కూర్చుని, ఆ డమ్మీ అద్దం మీద స్కెచ్ పెన్నుతో ఒక్కో కంటిపాప దగ్గర చుక్క పెట్టారా? పెట్టి ఉంటే కొలత తీసుకున్నట్టు. పెట్టకపోతే అందాజాగా ఆర్డర్ ఇచ్చారన్నమాట, ఒకటి రెండు మిల్లీమీటర్లు అటూ ఇటూ అయినా ప్రోగ్రెసివ్ ఇబ్బంది పెడుతుంది.

ఇంట్లోనే ఒక పరీక్ష చేసి చూడండి. గుమ్మంలో నిలబడి తల నిటారుగా పెట్టి దూరంగా ఉన్న బోర్డు ఏదైనా చూడండి. మసకగా ఉండి, గడ్డం కాస్త కిందికి దించగానే తేటపడితే అద్దాలు ఎక్కువ ఎత్తులో కూర్చున్నాయి. దూరం బాగానే ఉండి, చదవాలంటే మాత్రం గడ్డం బాగా పైకెత్తాల్సి వస్తే తక్కువ ఎత్తులో కూర్చున్నాయి. కొద్దిపాటి తేడాను ముక్కు దగ్గరి ప్యాడ్లు వంచి, చెవుల వెనక కాడలు సరిచేసి అక్కడికక్కడే సర్దొచ్చు. తేడా ఎక్కువైతే అద్దాలు మళ్లీ చేయాల్సిందే. ఇంకొకటి: అద్దాన్ని వెలుతురుకు ఎదురుగా పట్టుకుని వాలుగా తిప్పి చూస్తే అద్దంలోనే చెక్కిన చిన్న గుర్తులు రెండు, ఊపిరి తగిలినంత సన్నగా, 34 మిల్లీమీటర్ల దూరంలో కనిపిస్తాయి. చెవి వైపు గుర్తు కింద యాడ్ పవర్, ముక్కు వైపు కంపెనీ గుర్తు ఉంటాయి. షాపువాళ్లు ఆ గుర్తుల్ని పట్టుకుని, స్కెచ్ పెన్నుతో మళ్లీ గీతలు గీసి, మీ ముఖానికి పెట్టి చుక్క కంటిపాప మీద పడిందో లేదో మీ ముందే చూపించగలరు. ఇలా అడిగారంటే ఎదుటివాళ్లకు మీరు విషయం తెలిసే వచ్చారని అర్థమవుతుంది, "అలవాటవుతుంది మేడమ్" అన్న మాట దానంతటదే ఆగిపోతుంది.

నిజమే, ప్రోగ్రెసివ్‌కు అలవాటు కావాలి, పక్కకు చూడాలంటే కళ్లు తిప్పకుండా ముక్కును అటు తిప్పాలి, మెట్లు దిగేటప్పుడు గడ్డం దించి పై భాగంలోంచి చూడాలి. కానీ అందుకు సాధారణంగా వారం, రెండు వారాలు చాలు. నెల దాటాక కూడా తల తిరుగుతుంటే దాన్ని అలవాటు ఖాతాలో వేయకూడదు. మెట్లు పైకి లేచినట్టు కనబడుతున్నాయంటున్నారు కాబట్టి, సరిచేసి ఇచ్చేదాకా మెట్ల మీదా బండి మీదా ఆ అద్దాలు పెట్టుకోకండి.

ఇదంతా ఒక ఎత్తు, అసలు మీ పనికి ప్రోగ్రెసివ్ ఎందుకిచ్చారన్నది ఇంకో ఎత్తు. మీరు రోజుకు ఎన్ని గంటలు మిషన్ మీద ఉంటారో, ఏం కుడతారో ఎవరైనా అడిగారా? నాకు ఇది బాధ కలిగించే విషయం. పుస్తకం చదివే దూరం సుమారు 16 అంగుళాలు, దగ్గరి పవర్ మామూలుగా ఆ లెక్కమీదే ఇస్తారు. మిషన్ సూది మీ కంటికి అంతకంటే దూరంలో ఉంటుంది, హెమ్మింగ్, హుక్కులు కుట్టేటప్పుడేమో గుడ్డ ఇంకా దగ్గరికి వస్తుంది. మీ మెడలో టేపు ఎలాగూ ఉంటుంది కదా, మామూలుగా కూర్చునే తీరులో కూర్చుని కంటి మూల నుంచి సూది దాకా ఎన్ని అంగుళాలో, చేతిపని చేసేటప్పుడు ఎన్ని అంగుళాలో ఇంట్లో ఎవరిచేతైనా కొలిపించి ఆ రెండు అంకెలూ కాగితం మీద రాసుకెళ్లండి. పరీక్ష చేసే మనిషికి అంతకు మించిన సమాచారం ఉండదు. మీ దారమూ సూదీ, ఒక నల్ల గుడ్డ ముక్కా కూడా సంచిలో వేసుకెళ్లి, ఇందాక చెప్పిన ఆ బరువైన పరీక్ష ఫ్రేమ్ పెట్టుకుని అక్కడే దారం ఎక్కించి చూడండి, సిగ్గుపడకండి.

నా అభిప్రాయం అడిగితే మిషన్ దగ్గరికి మీకు విడిగా ఒక దగ్గరి చూపు జత ఉండాలి, అద్దమంతా ఒకే పవర్, పక్కల మసక ఉండదు, గుడ్డ అటు చివరి నుంచి ఇటు చివరి దాకా కనిపిస్తుంది. ఖరీదూ తక్కువే. మధ్యమధ్యలో గుమ్మంలోకి వచ్చిన మనిషిని కూడా చూడాలనుకుంటే డి బైఫోకల్ అడగండి, కింద అరచందమామ ఆకారంలో గీత కనిపించేది. పాతకాలపుదని షాపుల్లో దాన్ని చూపించరు కానీ కుట్టుపని, కూరగాయల అంగడి, ఆఫీసు రిజిస్టర్ల పని చేసేవాళ్లకు నేను ఇప్పటికీ అదే చెబుతాను. మీ ప్రోగ్రెసివ్‌ను బస్సు ఎక్కేటప్పుడు, పెళ్లికి వెళ్లేటప్పుడు పెట్టుకుంటారు, సరిచేసి ఇస్తే అది వృథా పోదు. చాలా కంపెనీలు ప్రోగ్రెసివ్ నప్పకపోతే కొంత గడువులోపల మార్చి ఇస్తాయి, మీ బిల్లు తీసుకుని త్వరగా వెళ్లి, గడువు ఎన్నాళ్లో, మారుస్తారో లేదో అడగండి.

రోడ్డు పక్కన అమ్మే రెడీమేడ్ అద్దాల గురించి కూడా ఒక మాట, మీరు అడక్కపోయినా. రెండు కళ్లకీ ఒకే పవర్ ఉండి, సిలిండర్ లేనివాళ్లకు తాత్కాలికంగా పర్వాలేదు, కళ్లు చెడిపోవు. మిషన్ మీద గంటలకొద్దీ కూర్చునే మీకు మాత్రం వద్దు, అద్దం మధ్యభాగం మీ కంటిపాపల దూరానికి సరిపడకపోతే సాయంత్రానికి తలనొప్పి పట్టుకుంటుంది.

"బ్లూకట్ కోటింగ్ వేసుకోండి, ఫోన్‌లోంచి వచ్చే నీలి కిరణాలకు కళ్లు పాడవుతాయి" అని షాపుల్లో అదనంగా అమ్ముతారు. 2023లో వైద్య పరిశోధనలను సమీక్షించే కాక్రేన్ సంస్థ అప్పటిదాకా జరిగిన పరీక్షలన్నీ కలిపి చూసి, ఆ అద్దాలవల్ల కళ్ల అలసట, కనీసం కొద్దికాలంలో, మామూలు అద్దాలకంటే తగ్గుతున్నట్టు ఏమీ లేదని తేల్చింది. ఆ డబ్బుతో మిషన్ మీద సూది పక్కన తగిలించే చిన్న ఎల్ఈడీ దీపం కొనుక్కోండి. చత్వారం వచ్చిన కంటికి వెలుతురు పవరంత పనిచేస్తుంది, ట్యూబ్‌లైట్ మీ వీపు వెనక ఉంటే మీ నీడే గుడ్డ మీద పడుతుంది. రిఫ్లెక్షన్ తగ్గించే మామూలు కోటింగ్ మాత్రం పనికొస్తుంది, వేయించుకోండి. ఇక సేవల విషయానికొస్తే, కొన్న షాపులో స్క్రూ బిగించడం, ముక్కు ప్యాడ్లు మార్చడం, వంకర తీయడం ఎక్కువమంది డబ్బు తీసుకోకుండానే చేస్తారు, ఏడాదికి రెండుసార్లు వెళ్లి చేయించుకోండి, చాలామంది అడగరు కాబట్టి జారిపోయిన అద్దాలతోనే ఏళ్లు గడిపేస్తారు. చీర కొంగుతో పొడిగా తుడవకండి, ముందు నీళ్లతో కడగండి, దుమ్ముతో కలిపి తుడిస్తే గీతలు పడతాయి.

బాబు విషయం. అత్తమ్మగారి మాట కాదనడం మీకు ఇబ్బందే, కానీ ఈ ఒక్క విషయంలో గట్టిగా నిలబడండి. అద్దాలవల్ల సైట్ పెరగదు. ఆ వయసులో పిల్లాడితోపాటు కంటిగుడ్డు కూడా పొడవు పెరుగుతుంటుంది, అందుకే హ్రస్వదృష్టి, అంటే దూరం మసకగా కనిపించే సైట్, ఉన్న పిల్లలకు ఏటేటా మైనస్ పెరుగుతుంది, అద్దాలు పెట్టినా పెట్టకపోయినా. పెట్టకపోతే నష్టం ఏమిటంటే బోర్డు కనబడక చదువు దెబ్బతింటుంది, అన్నిటికంటే ముఖ్యంగా ఒక కంటికి ఎక్కువ సైట్ ఉండి రెండో కన్ను బాగుంటే మెదడు ఆ మసక కన్నును పట్టించుకోవడం మానేస్తుంది. అది ఏడెనిమిదేళ్లలోపు దొరికితే తేలిగ్గా సరిచేయొచ్చు, తర్వాత కష్టమవుతుంది, తొమ్మిదేళ్లంటే ఇక ఆలస్యం చేయకూడదు. ఇంట్లో ఒక్కో కన్ను అరచేత్తో మూసి, గోడమీది క్యాలెండర్ అంకెలు చదివించి చూడండి, రెండు కళ్లకీ తేడా ఉంటే మీకే తెలుస్తుంది.

బాబుకు మాత్రం షాపులో కంప్యూటర్ పరీక్షతో సరిపెట్టకండి. పిల్లల కళ్లు దగ్గరికి సర్దుకునే శక్తి చాలా ఎక్కువ, యంత్రంలోకి చూసేటప్పుడు బిగబట్టి చూస్తారు, దాంతో లేని మైనస్ చూపిస్తుంది. అందుకే కంటి డాక్టర్ దగ్గర చుక్కలు వేసి, ఆ కండరాన్ని సడలించాక పవర్ చూడాలి. పవర్ వస్తే పూర్తి పవరే ఇవ్వమనండి. పెరగకుండా ఉండాలని కాస్త తక్కువ రాయమని అడిగే తల్లిదండ్రులు చాలామంది ఉన్నారు, తక్కువ పవర్ ఇస్తే పెరగడం నెమ్మదించదని ఇప్పటికే తేలిపోయింది. పెరుగుదల వేగంగా ఉంటే నెమ్మదింపజేసే పలుచటి అట్రోపిన్ చుక్కలు, ప్రత్యేకమైన అద్దాలు ఉన్నాయి, అవి డాక్టర్ చూసి నిర్ణయించాల్సినవి. అద్దం పాలికార్బొనేట్‌ది అడగండి, క్రికెట్ బంతి తగిలినా మిగతావాటిలా తేలిగ్గా పగలదు. ఆరునెలలకోసారి మళ్లీ చూపించండి.

ఇక ఖర్చులేని మందు ఒకటుంది, పగటి వెలుతురులో ఆట. చైనాలోని గ్వాంగ్‌జౌలో ఒకటో తరగతి పిల్లలకు బడిలో రోజూ 40 నిమిషాలు అదనంగా ఆరుబయట గడిపే పీరియడ్ పెట్టి మూడేళ్లు చూశారు, 2015లో ఫలితాలు వచ్చాయి: మామూలు బడుల్లో నూటికి సుమారు 40 మందికి కొత్తగా హ్రస్వదృష్టి వస్తే, ఆ బడుల్లో సుమారు 30 మందికే వచ్చింది. రోజుకు రెండు గంటలు బయట ఉంటే మంచిదని డాక్టర్లు చెప్పేది ఇలాంటి పరిశోధనలు చూసే. సాయంత్రం ట్యూషన్ కాస్త ఆలస్యంగా పెట్టి, ఎండ ఉండగానే వదిలేయండి.

అత్తమ్మగారికి దగ్గరి చూపు తిరిగి రావడం మంచి కబురులా అనిపిస్తుంది, కానీ ఆ వయసులో అది చాలాసార్లు శుక్లం మొదలైందనడానికి గుర్తు. కటకం మందమై గట్టిపడటంతో కంటి పవర్ మైనస్ వైపు జరుగుతుంది, దగ్గరివి అద్దాలు లేకుండా కనిపిస్తాయి, దూరం మసకబారుతుంది, రాత్రి లైట్ల చుట్టూ వలయాలు వస్తాయి. ఆవిడ దూరంగా వస్తున్న మనిషిని గుర్తుపడుతున్నారో లేదో గమనించండి. శుక్లం ముదిరి పండాలి, అప్పుడే ఆపరేషన్ అనేది పాతమాట, చూపుకు ఇబ్బందయితే చేయించుకోవచ్చు. 1976 నుంచి నడుస్తున్న జాతీయ అంధత్వ నివారణ కార్యక్రమం కింద ప్రభుత్వ ఆస్పత్రుల్లో లెన్స్‌తో సహా ఉచితంగా చేస్తారు.

ఆ చుక్కల మందు మాత్రం నన్ను ఎక్కువ కలవరపెడుతోంది. సీసా మీద డెక్సామెథసోన్, బెటామెథసోన్, ప్రెడ్నిసోలోన్ అని ఏదైనా ఉంటే అది స్టెరాయిడ్. వేయగానే ఎరుపు పోతుంది, హాయిగా ఉంటుంది, అందుకే జనం మళ్లీ మళ్లీ కొంటారు, నెలల తరబడి వేస్తే లోపల ఒత్తిడి పెరిగి నరం దెబ్బతినొచ్చు, శుక్లమూ తొందరగా వస్తుంది. సీసా పారేయకుండా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లి చూపించండి, ఎన్నాళ్లుగా వేస్తున్నారో చెప్పండి. మీ ఊళ్లో వరి కోతలప్పుడు కంట్లో గడ్డిపోచో గింజో తగిలినవాళ్లు ఆకుపసరు పోయడం, ఇలాంటి చుక్కలే వేసుకోవడం జరుగుతుంటుంది కదా, అప్పుడు నల్లగుడ్డు మీద ఫంగస్ పుండు లేస్తే కన్నే పోతుంది, చుట్టుపక్కలవాళ్లకు కూడా ఈ మాట చెప్పండి.

ఇక మీ ఆయన. షుగర్ వల్ల రెటీనాలో సన్నటి రక్తనాళాలు పాడవుతాయి, అయినా నడిమధ్య భాగానికి వాపు రానంతవరకు చూపు తేటగానే ఉంటుంది, ఫోన్ చదువుతారు, బండి నడుపుతారు, ఆయన "బాగానే ఉంది" అనడం అబద్ధం కాదు. కానీ బాగాలేదని ఆయనకు తెలిసేసరికి చికిత్సకు మంచి సమయం దాటిపోయి ఉంటుంది. మనకు ఎక్కువగా ఉండే రకం షుగర్‌లో, అదే టైప్ 2లో, జబ్బు బయటపడిన రోజునే రెటీనా చూపించుకోవాలి, అక్కడినుంచి ఏడాదికోసారి. ఆరేళ్లలో ఒక్కసారీ చూపించలేదంటున్నారు, ఈ వారంలోనే తీసుకెళ్లండి. ముందే ఏమైనా కంట్లో నల్లచుక్కలు ఒక్కసారిగా గుంపుగా తేలడం, మెరుపులు మెరవడం, ఒక పక్క తెర దించినట్టు అవడం జరిగితే వారం కూడా ఆగొద్దు, ఆరోజే వెళ్లాలి, ఇది షుగర్ లేనివాళ్లకూ వర్తిస్తుంది. షుగర్ ఎక్కువ తక్కువలు అవుతున్నప్పుడు పవర్ కూడా మారుతుంటుంది, కాబట్టి షుగర్ కుదుటపడి కొన్ని వారాలయ్యాకే ఆయనకు అద్దాలు చేయించండి, లేకపోతే చేయించిన నెలకే పనికిరాకుండా పోతాయి.

ఎక్కడికంటే, మీ జిల్లా ప్రభుత్వ ఆస్పత్రిలో కంటి విభాగం ఉంటే ముందు అక్కడే. హైదరాబాద్ రాగలిగితే మెహిదీపట్నంలో సరోజినీదేవి కంటి ఆస్పత్రి ఉంది. బంజారాహిల్స్‌లో 1987లో మొదలైన ఎల్.వి. ప్రసాద్ కంటి ఆస్పత్రికి పల్లెల్లో కూడా విజన్ సెంటర్లు ఉన్నాయి, సుమారు 50 వేల జనాభాకు ఒకటి అన్న లెక్కన పెట్టుకుంటూ వచ్చారు, మీ మండలంలోనో పక్క మండలంలోనో ఉందేమో వాకబు చేయండి. అక్కడ పరీక్ష చేసి, అద్దాలు ఇచ్చి, జబ్బు అనుమానం వస్తే పెద్ద ఆస్పత్రికి పంపుతారు. గతంలో తెలంగాణ ప్రభుత్వం పెట్టిన కంటి వెలుగు శిబిరాల్లో మీ ఊరికి వచ్చి అద్దాలు ఇచ్చినప్పటి కాగితాలు ఇంట్లో ఎవరివైనా ఉంటే వెంట పట్టుకెళ్లండి, పాత పవర్ తెలిస్తే ఎంత మారిందో డాక్టర్‌కు తెలుస్తుంది.

వెళ్లే రోజు ఆయన బండి మీద ఒక్కరే వెళ్లకూడదు. రెటీనా చూడటానికి కంటిపాప పెద్దదయ్యే చుక్కలు వేస్తారు, నాలుగైదు గంటలు దగ్గరివి మసకగా, వెలుతురు కళ్లలో గుచ్చినట్టుగా ఉంటుంది, తర్వాత దానంతటదే పోతుంది. ఎండకు నల్లద్దాలో టోపీయో పెట్టుకోమనండి, తోడుగా మీరు వెళ్లండి, బస్సులో వెళ్లి రండి. వేసుకునే మందుల చీటీ, చివరిసారి షుగర్ ఎంత వచ్చిందో ఆ రిపోర్టు కూడా తీసుకెళ్లండి.